పైపుల దగ్గర బల్బు

పందెం కాసింది నేను కాదు, మా ఆయన. ఈ సంగతి ముందే చెప్పేయాలి. ఎందుకంటే మిషిగన్‌లో మా ఊరు నోవైలో తెలుగువాళ్ళందరికీ ఈయన కథని వేరే రకంగా చెప్పుకొస్తున్నారు.

"మార్చి ముప్పై ఒకటి లోపల ఈ ఆర్వీలో నీళ్ళు ఫ్రీజ్ అయి ఆగిపోతే, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆగిపోయినా సరే, మర్నాడే దీన్ని అమ్మకానికి పెట్టేసి నువ్వు చెప్పిన చోట ఇల్లు తీసుకుందాం. ఆగకపోతే ఏప్రిల్‌లో అలాస్కా. ఓకేనా?"

ఇవీ ఆయన అన్న మాటలు. థాంక్స్‌గివింగ్ నాడు, ప్లేనోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి తన్వి వీడియో కాల్‌లో వింటుండగా అన్నారు. "డాడ్, ఆర్ యూ షూర్?" అని అది అడిగింది కూడా. "థర్మల్ నా సబ్జెక్ట్ నాన్నా" అన్నారు. నేను ఓకే అన్నాను.

మా ఆయన పేరు ఆంజనేయప్రసాద్. ఇరవై రెండేళ్ళుగా ఒక కార్ల కంపెనీలో హీటర్లు డిజైన్ చేస్తున్నారు. తన్వి ఉద్యోగానికి వెళ్ళిపోయాక, ఇద్దరికి ఇంత ఇల్లెందుకన్నారు. ఆరు నెలలు కూర్చుని ఆర్వీల, అంటే చక్రాల మీద ఇళ్ళ, వీడియోలు చూశారు. సెప్టెంబర్‌లో, మార్కెట్ బావుందని, పంతొమ్మిదేళ్ళు కాపురం చేసిన ఇంటిని అమ్మేశారు. ముప్పై అడుగుల ట్రైలర్ ఒకటి, దాన్ని లాగడానికి ట్రక్కు ఒకటి కొన్నారు. యాభై రాష్ట్రాలూ తిరుగుదాం అన్నారు. తీరా చూస్తే ఈయన ప్రాజెక్ట్ ఏప్రిల్ దాకా ఉంది. ఇక తిరిగేదేముంది, నా తలకాయ! నోవైకి ముప్పావుగంట దూరంలో ఒక ఆర్వీ పార్కులో, కరెంటూ కొళాయీ ఇచ్చిన చోట బండిని నిలబెట్టుకుని, మిషిగన్ చలికాలమంతా అందులోనే కాపురం పెట్టాం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. పక్క ఊరికి కదల్లేని బండికి అలాస్కా ఒకటి.

అమ్మేటప్పుడు సరే అన్నది నేనే. కాదనను. ఆ కోపం నామీద నాకుంది. అందులో సగం ఈయన మీదికి పోతుంటుంది, అంతే.

నీళ్ళు గడ్డకట్టకుండా ఈయన చేసిన ఏర్పాట్లు తక్కువేం కావు. బండి చుట్టూ నేల దాకా ఫోమ్ బోర్డులు కట్టారు, కిందినుంచి గాలి దూరకుండా. బయటి కొళాయి నుంచి బండిలోకి వచ్చే గొట్టం మామూలుది కాదు, కరెంటుతో వెచ్చగా ఉండేది. లోపల గ్యాస్ ఫర్నేస్. దాని వేడి నేల కింద పైపులకి కూడా తగులుతుంది. అంతా బానే ఉంది. కానీ బండి వెనకమూల సూట్‌కేసంత అర ఒకటుంది. నీళ్ళ గొట్టం లోపలికొచ్చేది, పంపు ఉండేది అక్కడే. ఫర్నేస్ వేడి ఆ మూలకి అందదు. అందుకని ఆ అరలో పాతకాలం బల్బొకటి వేలాడదీశారు. ఎల్ఈడీ వేడెక్కదు కదా, ఇదైతే చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఇప్పుడలాంటివి మామూలు షాపుల్లో అమ్మడం లేదు. మా గరాజ్‌లో ఆరుండేవి. సామాను సర్దడంలో ఐదు పగిలాయి. మిగిలింది ఒకటి.

"ఈ బల్బే మన గుండెకాయ" అని దాని వైరుకి ఎర్ర టేపు కూడా చుట్టారు.

ఇంతా చేసి, వారానికి నాలుగు రోజులు ఈయన ఆఫీస్‌కి వెళ్ళిపోతారు. అక్కడ హీటింగ్ ఉంటుంది, వేణ్ణీళ్ళుంటాయి, ఎన్నిసార్లు ఫ్లష్ చేసినా ఎవరూ లెక్క అడగరు. బండిలో ఉండేది నేను. నాది బ్యాంక్ యాప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగం, పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్. హోమ్! భోజనాల బల్ల మీదే రెండు లాప్‌టాప్‌లు, అక్కడే కూరగాయలు, అక్కడే ఇస్త్రీ. గ్యాస్ అయిపోతే మంచులో బూట్లేసుకుని సిలిండర్ మార్చేది నేను. వాడిన నీళ్ళ ట్యాంక్ నిండితే వాల్వు లాగేది నేను. ఆరు నిమిషాల్లో తలస్నానం పూర్తి చేయాల్సింది కూడా నేనే, ఏడో నిమిషంలో చన్నీళ్ళొస్తాయి కాబట్టి. సాయంత్రం ఈయనొచ్చి, "చూశావా, బయట పది డిగ్రీల ఫారెన్‌హీట్, మనకి నీళ్ళాగలేదు" అని చంకలు గుద్దుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది.

ఇక ఇడ్లీ సంగతి. పాత ఇంట్లో పిండి రుబ్బి, గిన్నె అవెన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి వదిలేస్తే తెల్లారేసరికి పొంగి ఉండేది. అమెరికాలో ఏ తెలుగావిడనడిగినా ఇదే చెబుతుంది. ఈ బండి గ్యాస్ అవెన్‌లో లైటు లేదు. దుప్పట్లు చుట్టాను. వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టాను. ఫర్నేస్ గాలి వచ్చే చోట పెడితే పైన పొర ఎండి కింద చల్లగా ఉండేది. నవంబర్ నుంచి ఒక్కసారి పిండి పులిస్తే ఒట్టు. రెండు నెలలు ఉప్మా తిన్నాం. ఉప్మా వాసనొస్తేనే నాకు ఏడుపొచ్చేది.

జనవరి ఇరవై మూడు, శుక్రవారం. మధ్యాహ్నం ఆఫీస్ నుంచి ఫోన్ చేశారు.

"రాగిణీ, రేపు రవికుమార్ వాళ్ళు బ్రంచ్‌కి వస్తున్నారు. ఇడ్లీ చేసెయ్."

"ఇడ్లీయా? ఏమండీ, ఈ బండిలో పిండి పులవదని మీకు తెలీదా?"

"ట్రై చెయ్. ముప్పై డిగ్రీల సెల్సియస్ మెయింటెయిన్ చేస్తే చాలు, సింపుల్. ఆర్వీలో ఇడ్లీ అంటే వాడు షాక్ అయిపోవాలి."

సింపులట. అడక్కుండా పిలిచినందుకు ఒక కోపం. ఇడ్లీ అన్నందుకు ఇంకో కోపం. ఆ సింపుల్ అన్నందుకు మాత్రం ఫోన్ విసిరికొట్టాలనిపించింది. అప్పటికి పప్పూ రవ్వా నానబెట్టి లేవు, రవికుమార్ భార్య జయంతి ముందు మళ్ళీ ఉప్మా పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఫ్రిజ్‌లో మూడు రోజుల కింద రుబ్బిన పిండి ఉంది, దోసెలకైనా పనికొస్తుందని దాచింది. తీసి చూస్తే రుబ్బినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

బయట ముప్పై ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్, నీళ్ళు గడ్డకట్టే ముప్పై రెండుకి పైనే, మంచు కరుగుతోంది. సాయంత్రం దాకా పైపులకేం భయం లేదు. వెనక్కి వెళ్ళి, అర తలుపు తీసి, ఎర్ర టేపు వైరుతో సహా ఆ బల్బు పట్టుకొచ్చేశాను. అవెన్‌లో గిన్నె పక్కన పెట్టి వెలిగించాను. నాలుగైదు గంటలు వెచ్చగా ఉంటే పిండి అందుకుంటుంది, చీకటి పడేలోగా బల్బు మళ్ళీ దాని చోట పెట్టేద్దాం అనుకున్నాను.

నాలుగింటికి ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న యాప్‌లోనే, ఏదో పగిలింది. కాల్ మొదలైంది. ఐదు టీములు, ఒకరి మీద ఒకరు అరుపులు. ఈయనొచ్చారు, పెరుగన్నం తిన్నారు, పడుకున్నారు. నా కాల్ తొమ్మిదింటికి అయింది. తల పగిలిపోతుంటే మాత్ర వేసుకుని పడిపోయాను. ఆ రాత్రి మైనస్ ఆరుకి పోయింది, ఫారెన్‌హీట్‌లో.

పొద్దున్నే కాఫీకని కొళాయి తిప్పాను. ఒక్క గురక పెట్టి ఊరుకుంది. మళ్ళీ తిప్పాను. చుక్క లేదు.

నిజం చెప్పనా? ముందు సంతోషం వేసింది. గుండెలోంచి పొంగుకొచ్చిన సంతోషం. ఇల్లు! ఆ వెంటనే నాలుగు నెలల కోపమంతా ఒక్కసారిగా ఎగదన్నింది. బల్బు సంగతి ఆ క్షణాన నా బుర్రలో లేదు. నమ్మితే నమ్మండి.

"లేవండి! లేవండి మహానుభావా! మీ థర్మల్ వచ్చి చూసుకోండి!"

ఈయన కళ్ళు నులుముకుంటూ వచ్చి కొళాయి తిప్పారు, ఆపారు, తిప్పారు.

"ఇంపాసిబుల్."

"ఏంటి ఇంపాసిబుల్? కళ్ళ ముందు కనిపిస్తోంటే! మార్చి ముప్పై ఒకటన్నారు, జనవరి దాటలేదు. పంతొమ్మిదేళ్ళ ఇల్లమ్మి నన్ను ఈ డబ్బాలో కుదేశారు. మీరు ఆఫీస్‌లో వేణ్ణీళ్ళతో చేతులు కడుక్కుంటుంటే నేనిక్కడ మురికినీళ్ళ వాల్వులు లాగుతున్నాను. ఇరవై రెండేళ్ళ ఎక్స్‌పీరియెన్సు, చెంబెడు నీళ్ళు తెప్పించలేకపోయింది!"

"ఒక్క నిమిషం. హోస్ చెక్ చేయనీ."

కోటేసుకుని, హెయిర్ డ్రయర్ పట్టుకుని, బయటి కొళాయి స్తంభం వైపు వెళ్ళారు. వంగి గొట్టాన్ని అంగుళం అంగుళం తడుముతున్నారు. కిటికీలోంచి చూస్తూ ఇంకా నాలుగన్నాను, వినిపించదని తెలిసినా.

అప్పుడు, వచ్చేవాళ్ళకేం పెట్టాలని అవెన్ తలుపు తీశాను.

పిండి గిన్నె అంచు దాటి పొంగి, పక్కలనించి కారి, తెల్లగా నురగలు కక్కుతోంది. ఆ పులుపు వాసన! రెండు నెలలైంది ఆ వాసన చూసి. దాని పక్కన బల్బు చక్కగా వెలుగుతోంది.

ఓర్నాయనో అనుకున్నాను.

ఈయన ఇంకా స్తంభం దగ్గరే ఉన్నారు, బండికి అవతలి పక్క. వెనక అర ఇటువైపుంది. బల్బు తీసుకెళ్ళి అక్కడ తగిలించడానికి అర నిమిషం చాలు. ఎవరికీ తెలీదు. ఇల్లు నాది. బల్బు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వేలు కాలింది. ఎంత కోపమున్నా దొంగతనంగా గెలిచిన ఇంట్లో పాలు పొంగించలేననిపించింది. బయటికి నడిచి, మంచులో మోకాళ్ళ మీదున్న మనిషి ముందు బల్బు పెట్టాను.

"ఇదిగో మీ గుండెకాయ. నిన్న పిండి పులవాలని నేనే తీశాను. తిరిగి పెట్టడం మర్చిపోయాను."

ఈయన బల్బు వంక చూశారు. నా వంక చూశారు. తర్వాత నవ్వారు. చిన్న నవ్వు కాదు, మంచులో చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"అదీ! అనుకున్నాను! సిస్టమ్ ఫెయిల్ కాలేదు రాగిణీ. యూజర్ ఎర్రర్! యూజర్ ఎర్రర్!"

అబద్ధమాడలేక నిజం చెప్పినదానికి దక్కిన ఫలితం అది. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఏమన్నారు? ఇరవై ఏళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్నాను, ఈ మాట నాతో అనని డెవలపర్ లేడు. యూజర్ ఆ బటన్ ఎందుకు నొక్కాడంటారు. నొక్కుతాడు! యూజర్‌కి ఇడ్లీ కావాలి. కావాలని ఆర్డరేసింది మీరే. ఇడ్లీ పిండి పులిస్తే నీళ్ళాగిపోయే ఇల్లు, నీళ్ళొస్తే పిండి పులవని ఇల్లు, అది యూజర్ ఎర్రరా? అది డిఫెక్ట్. సివియారిటీ వన్. దానికి రిలీజ్ ఆపేస్తారు!"

"పందెం నాచురల్‌గా ఫ్రీజ్ అయితేనని. బల్బు తీస్తే అది టాంపరింగ్."

"అలాగని ఎప్పుడన్నారు? తన్విని పిలవండి, ఎప్పుడన్నారో చెప్పమనండి!"

సరిగ్గా అప్పుడు రవికుమార్, జయంతి కార్ దిగారు. వరంగల్ వాళ్ళు, పదిహేనేళ్ళ స్నేహం. చేతిలో స్వీట్ల డబ్బాతో మంచులో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఈయన ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. జరిగిందంతా చెప్పి, "నువ్వే చెప్పరా రవీ, ఎవరు గెలిచారు?" అన్నారు.

రవికుమార్ గడ్డం గోక్కున్నాడు. "టెక్నికల్‌గ చూస్తే అన్ననే గెలిచిండు వదినా. బల్బు మీరు తీసిండ్రు గదా."

"మీ ఇంట్లో ఒక బల్బు తీస్తే నీళ్ళాగిపోతాయా రవీ?"

"ఆగవ్."

"మరి?"

"నిన్నెవలడిగిండ్రు? పోయి అన్నకు సాయం జెయ్" అని జయంతి మొగుణ్ణి తోసింది. నా వైపు తిరిగి, "అక్కా, పిండి మంచిగ పులిసిందా?" అంది.

"పొంగి పొర్లుతోంది. పొయ్యి మీద పెట్టడానికి చుక్క నీళ్ళు లేవు."

జయంతి లోపలికొచ్చి ఇడ్లీ కుక్కర్ తీసుకుని బయటికెళ్ళి, ఎవరూ తొక్కని చోట తెల్లటి మంచు రెండు చేతులతో ఎత్తి దాని నిండా కుక్కింది. పొయ్యి మీద పెడితే అంత మంచూ కరిగి అడుగున గ్లాసెడు నీళ్ళయ్యాయి. మళ్ళీ వెళ్ళింది. మూడుసార్లు మంచు మోశాం ఇద్దరం. మధ్యలో నాకు ఏడుపొచ్చింది. "ఏడువక్కా, ఏమైతది" అంటూ తను ఇడ్లీ పళ్ళాలకి నెయ్యి రాసింది.

ఇడ్లీలు మల్లెపూలలా వచ్చాయి. ఒట్టు, పాత ఇంట్లో కూడా అంత మెత్తగా రాలేదు. నలుగురం ఆ చిన్న బల్ల చుట్టూ మోకాళ్ళు తగిలేలా కూర్చుని తిన్నాం. బల్బు మళ్ళీ వెనక అరలో వెలుగుతోంది, హెయిర్ డ్రయర్ దాని పక్కన మోగుతోంది. ఈయన ఏడో ఇడ్లీ దగ్గర ఆగి, గంభీరంగా నా వంక చూశారు. ఇప్పుడైనా మనిషి దిగొస్తాడేమో అనుకున్నాను.

"రాగిణీ, ఆలోచించాను. నువ్వన్నదాంట్లో పాయింట్ ఉంది. ఒక్క బల్బు చాలదు."

"ఊఁ."

"పెట్ స్టోర్‌లో ఇలాంటివి దొరుకుతాయి. పెంచుకునే బల్లులకి వేడి కోసం పెడతారట. ఇవాళే రెండోది కొనేద్దాం. పిండికి సెపరేట్. ప్రాబ్లం సాల్వ్‌డ్!"

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పొద్దున్నించీ నేను గొంతు చించుకున్నదాంట్లో ఈ మనిషికి అర్థమైంది ఒక బల్బు.

"బల్లులకా?" అన్నాను.

"బల్లులకి, తొండలకి, ఇక్కడ పెంచుతారు కదా."

"అంటే ఈ దేశంలో పెంపుడు బల్లికి కూడా సొంతంగా ఒక బల్బుంది. నేను మాత్రం నాలుగు నెలల్నించి పైపులతో వంతులేసుకుంటున్నాను."

రవికుమార్ నవ్వబోయి, జయంతి మొహం చూసి ఆగిపోయాడు. ఈయన, "అదేంటి, కొంటాననే కదా అంటున్నాను" అన్నారు, నిజంగానే అర్థం కాక. ఆ అర్థం కాకపోవడం చూశాక నాకు అరవాలనిపించలేదు. కోపం తగ్గి కాదు. ఇక ఈ మనిషి మీద అరిచి లాభం లేదని తెలిసి.

లేచాను. లాప్‌టాప్ బ్యాగ్ భుజానికేసుకున్నాను. రెండు చీరలు, ఒక స్వెట్టర్ సంచిలో పెట్టుకున్నాను. మిగిలిన పిండి గిన్నెకి మూత పెట్టి, నా పాత కార్‌లో ముందు సీట్ మీద పెట్టి, దానికి సీట్ బెల్ట్ వేశాను.

"ఎక్కడికి?" ఈయన మెట్ల మీద నిలబడి అడిగారు.

"బల్బు తీసినా నీళ్ళొచ్చే చోటికి."

"కోపంలో డ్రైవ్ చేయకు రాగిణీ. గంటలో నీళ్ళొచ్చేస్తాయి!"

జయంతి వచ్చి కార్ అద్దం మీద మంచు గీకింది.

నోవైలో మా పాత ఇంటికి రెండు వీధులవతల అపార్ట్‌మెంట్లున్నాయి. డిసెంబర్‌లో ఒకసారి లోపలికెళ్ళి చూసొచ్చాను, ఈయనకి చెప్పలేదు. లీజింగ్ ఆఫీస్‌లో ఉన్నది కాలేజీ అమ్మాయి, పేరు అనిక. ఇక్కడే పుట్టిన మన పిల్ల. నా బొట్టు చూసి గుర్తుపట్టి, తన తెలుగు బయటికి తీసింది.

"ఆంటీ, ఎంత మంది ఉంటుంది?"

"ఒకరు."

"అంకుల్?"

"అంకుల్‌కి పందెం ఉందమ్మా, మార్చి ముప్పై ఒకటి దాకా. తర్వాత ఆయన ఇష్టం."

దానికేం అర్థమైందో, "ఓకే ఆంటీ" అని కాగితాలు నా ముందుకి జరిపింది. సంతకాలు చేశాను. కాపీలు తీసుకొస్తానని అనిక వెళ్ళాక, తాళంచెవీ, కార్‌లోంచి పిండి గిన్నే తీసుకుని, నాకిచ్చిన ఖాళీ అపార్ట్‌మెంట్ వంటగదిలోకి వెళ్ళాను. అవెన్ తలుపు పక్కన స్విచ్ నొక్కాను. లోపల లైటు వెలిగింది. గిన్నె లోపల పెట్టి తలుపేశాను. తర్వాత కొళాయి తిప్పాను. వేణ్ణీళ్ళు. చెయ్యి కింద పెట్టి నిలబడ్డాను. ఆరు నిమిషాలు దాటాయి, ఏడు దాటాయి, పది దాటాయి. ఆగలేదు, చల్లబడలేదు.

ఫోన్ మోగింది. ఈయన వీడియో పంపారు. బండి సింక్‌లో నీళ్ళు ధారగా పడుతున్నాయి, వెనకనుంచి రవికుమార్ చప్పట్లు. కింద మెసేజ్: "నీళ్ళొచ్చాయి! ఇంటికి రా."

తడిచేత్తోనే ఫోన్ పట్టుకుని, నా ముందు పొగలు కక్కుతున్న కొళాయిని వీడియో తీశాను. "నాకూ వచ్చాయి" అని రాసి పంపాను.